మధుమేహ మూత్రపిండ వ్యాధి - వైద్య చిత్రాల ద్వారా పురోగతి అంచనా

మధుమేహం (చక్కెర వ్యాధి) వలన మూత్రపిండాలు క్రమక్రమంగా దెబ్బతినడాన్ని మధుమేహ మూత్రపిండ వ్యాధి లేదా డయాబెటిక్ నెఫ్రోపతీ అంటారు. ఈ వ్యాధి అందరిలోను ఒకే వేగంతో ముదరదు. కొందరిలో ఇరవై సంవత్సరాలు గడచినా మూత్రపిండాల పని పెద్దగా తగ్గదు. మరికొందరు కొద్ది సంవత్సరాలలోనే డయాలసిస్ అవసరమయ్యే స్థితికి చేరుకుంటారు. ఎవరు ఏ కోవకు చెందుతారో ముందుగానే తెలుసుకొనుటకు అల్ట్రాసౌండ్, ఎం.ఆర్.ఐ., నేత్రపటపు ఛాయాచిత్రం వంటి చిత్రాలు ఎంతవరకు ఉపయోగపడతాయనేది వైద్యశాస్త్రంలో చురుకుగా పరిశోధన జరుగుతున్న విషయం.

ఇది ప్రయోగశాలలకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.) సర్వే అంచనా ప్రకారం దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నది. పెద్దలలో ఇది 11.4 శాతం. శ్రీ సత్యసాయి జిల్లాలోని మడకశిర వంటి మెట్ట ప్రాంతంలో నివసించే వ్యక్తికి మూత్రపిండాలు విఫలమైతే వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్ కేంద్రానికి ప్రయాణం, ప్రతిసారీ యంత్రం వద్ద సుమారు నాలుగు గంటలు, ఆ రోజు కూలి నష్టం, వెంట వచ్చే మనిషి కూలి నష్టం తప్పవు. ఆ స్థితిని కొన్నేళ్ళు వాయిదా వేయగల మందులు నేడు ఉన్నాయి. అవి ఎవరికి అత్యవసరమో గుర్తించడమే అసలు సమస్య.

మూత్రపిండంలో జరిగే మార్పులు

ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు పది లక్షల నెఫ్రానులు (వృక్కనాళికలు) ఉంటాయి. ప్రతి నెఫ్రాను మొదట్లో ఒక రక్తకేశనాళికా గుచ్ఛం ఉంటుంది. రక్తం వడపోత జరిగేది ఇక్కడే. రెండు మూత్రపిండాలు కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, అందులో ఒకటి రెండు లీటర్లను మాత్రమే మూత్రంగా పంపి, మిగిలినదంతా తిరిగి రక్తంలోకి తీసుకుంటాయి. మూత్రపిండాన్ని నిలువుగా కోస్తే వెలుపలి పొరను వల్కలమని, లోపలి భాగాన్ని దవ్వ అని అంటారు. గుచ్ఛాలన్నీ వల్కలంలోనే ఉంటాయి.

రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నపుడు తొలిదశలో మూత్రపిండం మామూలు కంటే ఎక్కువగా వడపోస్తుంది, పరిమాణంలో కూడా కొంత పెరుగుతుంది. ఇది బలానికి గుర్తు కాదు, గుచ్ఛాలపై పడుతున్న ఒత్తిడికి గుర్తు. తరువాత కేశనాళికల గోడలు మందమవుతాయి, వాటి నడుమ పదార్థం పేరుకుంటుంది. ఇలా పేరుకొన్న గుండ్రని ముద్దలను పాల్ కిమ్మెల్‌స్టీల్, క్లిఫర్డ్ విల్సన్ అనే వైద్యులు 1936లో వర్ణించారు. నేటికీ వాటిని వారి పేర్లతోనే పిలుస్తారు. గోడలు పాడైన కొద్దీ అల్బుమిన్ అనే మాంసకృత్తు మూత్రంలోకి జారిపోతుంది. చివరకు నాళికల మధ్య మచ్చలు కట్టి (దీనిని తంతీకరణం అంటారు) నెఫ్రానులు ఒక్కొక్కటిగా నశిస్తాయి. నశించిన నెఫ్రాను తిరిగి పుట్టదు.

మచ్చ ఎంత కట్టినదో నేరుగా చూడవలసి వస్తే సూదితో ముక్క తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షించాలి. దీనిని బయాప్సీ అంటారు. రక్తస్రావ ప్రమాదం ఉన్నందున ప్రతి మధుమేహ రోగికీ ఈ పరీక్ష చేయరు. సూది గుచ్చకుండా ఆ మచ్చను, ఆ ఒత్తిడిని బయటనుండే చూడాలనే కోరికే చిత్రణ పరిశోధనలకు మూలం.

మూత్ర, రక్త పరీక్షలు

చిత్రాల విలువను అర్థం చేసుకోవాలంటే ముందుగా వాటికంటే చవకైన పరీక్షలు ఏమి చెప్పగలవో తెలియాలి.

మొదటిది మూత్రంలో అల్బుమిన్. ప్రతి గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు అల్బుమిన్ ఉంటే మామూలుగా పరిగణిస్తారు. 30 నుండి 300 వరకు మధ్యస్థం, 300 దాటితే తీవ్రం. ఇంత స్వల్పంగా జారే అల్బుమిన్ కూడా రాబోయే ముప్పును సూచిస్తుందని డెన్మార్క్ వైద్యుడు కార్ల్ ఎరిక్ మొగెన్‌సెన్ 1984లో చూపించాడు. ఆసుపత్రులలో సాధారణంగా వాడే రంగు కాగితపు పట్టీ ఈ స్వల్ప మోతాదులను పట్టుకోలేదు. పట్టీ రంగు మారే సమయానికి అల్బుమిన్ చాలా ఎక్కువగానే పోతూ ఉంటుంది. అంతేకాక జ్వరం, మూత్రనాళ ఇన్ఫెక్షన్, కఠిన శ్రమ వంటి వాటి వలన అల్బుమిన్ తాత్కాలికంగా పెరగవచ్చును. కాబట్టి మూడు నెలల వ్యవధిలో మళ్ళీ పరీక్షించి నిర్ధారించుకోవాలి.

రెండవది రక్తంలో క్రియాటినిన్. కండరాలలోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ విచ్ఛిన్నం కాగా మిగిలే పదార్థమిది. (ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో కనుగొన్న ఇద్దరిలో ఒకరు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, మరొకరు సైరస్ ఫిస్క్.) క్రియాటినిన్ విలువ, వయసు, లింగం ఆధారంగా నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడపోత జరుగుతున్నదో లెక్కగడతారు. ఇది మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువగా ఉంటే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్నట్లు. ఈ లెక్కలో ఒక చిక్కు కలదు. కండ తక్కువగా ఉన్న బక్కపలుచని మనిషిలో క్రియాటినిన్ తక్కువగానే తయారవుతుంది కాబట్టి వడపోత ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. పౌష్టికాహార లోపం, వృద్ధాప్యం కలిసిన చోట ఈ పొరపాటు చిన్నది కాదు.

2011లో కెనడాకు చెందిన నవదీప్ తాంగ్రి బృందం వయసు, లింగం, వడపోత రేటు, మూత్ర అల్బుమిన్ అనే నాలుగు అంశాలతోనే రెండేళ్ళలో, ఐదేళ్ళలో మూత్రపిండాలు విఫలమయ్యే అవకాశం ఎంతో చెప్పే సమీకరణాన్ని రూపొందించింది. తరువాత దీనిని అనేక దేశాల రోగులలో పరీక్షించి చూశారు. చిత్రాలకు అసలు పోటీ ఈ సమీకరణంతోనే. ఒక చిత్రం మూత్రపిండపు నేటి పనితీరును చెప్పినంత మాత్రాన అది భవిష్యత్తును చెప్పినట్లు కాదు. చవకైన ఆ నాలుగు అంశాలు చెప్పలేనిదేదైనా చెప్పినపుడే దానికి విలువ. ప్రచురితమయ్యే పరిశోధనలలో చాలా వాటిలో ఈ తేడా మరుగున పడుతున్నది.

అయితే ఆ నాలుగు అంశాలకూ అందని రోగులు ఉన్నారు. మధుమేహం ఉండి, మూత్రంలో అల్బుమిన్ పోకుండానే వడపోత తగ్గిపోయేవారు రెండవ రకం మధుమేహంలో గణనీయంగా కనిపిస్తారు. చిత్రాల మీద ఆశ ముఖ్యంగా ఇటువంటివారి కోసమే.

అల్ట్రాసౌండ్

జనసామాన్యంలో "స్కానింగ్" అనే మాటకు అర్థం చాలావరకు ఇదే. చెవికి వినిపించని అతిధ్వనులను శరీరంలోకి పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనులతో చిత్రాన్ని నిర్మిస్తారు. శరీరపు మృదు కణజాలంలో ధ్వనివేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు. చర్మానికి 8 సెంటీమీటర్ల లోతున ఉన్న మూత్రపిండం నుండి ప్రతిధ్వని తిరిగి రావడానికి దాదాపు 104 మైక్రోసెకన్లు పడుతుంది. ఈ కాలాన్ని బట్టి యంత్రం లోతును, ప్రతిధ్వని బలాన్ని బట్టి చుక్క వెలుగును నిర్ణయిస్తుంది.

వయోజనుల మూత్రపిండం పొడవు సాధారణంగా 9 నుండి 12 సెంటీమీటర్లు ఉంటుంది. పొడవు, వెడల్పు, మందాలను గుణించి మళ్ళీ 0.52తో గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది. ఉదాహరణకు 10, 5, 4.5 సెంటీమీటర్ల కొలతలు గల మూత్రపిండం ఘనపరిమాణం 117 మిల్లీలీటర్లు.

తక్కిన మూత్రపిండ వ్యాధులలో చాలావరకు వ్యాధి ముదిరే కొద్దీ మూత్రపిండం కుంచించుకుపోతుంది. మధుమేహంలో మాత్రం తొలిదశలో అది పెద్దదవుతుంది, బాగా ముదిరిన తరువాత కూడా మామూలు పరిమాణంలోనే కనిపించవచ్చును. అందువలన "స్కానింగ్‌లో కిడ్నీ సైజు నార్మల్" అన్న మాట మధుమేహ రోగికి భరోసా ఇవ్వదు. ఈ ఒక్క విషయం తెలియకపోవడం వలన మూత్రపరీక్ష చేయించుకోకుండా ఊరుకునే ప్రమాదం కలదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని అంతుచిక్కని మూత్రపిండ వ్యాధి ఇందుకు భిన్నమైనది. అది ప్రధానంగా మధుమేహం లేనివారిలో కనిపిస్తుంది. అందులో మూత్రంలో మాంసకృత్తు తక్కువగా పోతుంది, మూత్రపిండాలు చిన్నవవుతాయి. రెంటినీ ఒకే గాటన కట్టరాదు.

పరిమాణం తరువాత చూసేది వల్కలపు వెలుగు. ఆరోగ్యవంతుని వల్కలం పక్కనున్న కాలేయంతో సమానంగా గాని, కొంచెం నల్లగా గాని ఉంటుంది. మచ్చ కట్టిన వల్కలం కాలేయం కంటే తెల్లగా కనిపిస్తుంది. దీనిని బట్టే నివేదికలలో "గ్రేడ్ 1", "గ్రేడ్ 2" మార్పులని వ్రాస్తారు. ఈ పోలికలో పెద్ద లోపం ఉన్నది. మధుమేహ రోగులలో కాలేయానికి కొవ్వు పట్టడం సర్వసాధారణం. కొవ్వు పట్టిన కాలేయం తెల్లబడుతుంది. పోల్చవలసిన కొలబద్దే మారిపోయినపుడు పాడైన మూత్రపిండం కూడా మామూలుగానే కనిపించవచ్చును. పైగా వెలుగును అంచనా వేసేది చూసేవారి కన్ను. యంత్రపు అమరికను బట్టి కూడా అది మారుతుంది. "గ్రేడ్ 1" అని వ్రాసిన కాగితం చూసి డయాలసిస్ తప్పదని కుమిలిపోవడం ఎంత పొరపాటో, ఏమీ వ్రాయలేదని నిశ్చింతగా ఉండడం కూడా అంతే పొరపాటు.

వెలుగు కంటే వల్కలపు మందం నమ్మదగిన కొలత. పొడవు మామూలుగా ఉండి వల్కలం పలుచబడితే అది కోల్పోయిన నెఫ్రానులకు సంకేతం. అయితే ఇద్దరు వేర్వేరు వ్యక్తులు కొలిచినపుడు పొడవులో అరసెంటీమీటరు తేడా రావడం మామూలే కాబట్టి చిన్న మార్పులను పట్టించుకోకూడదు.

ఇన్ని పరిమితులున్నా మధుమేహ రోగికి ఒకసారైనా అల్ట్రాసౌండ్ చేయడానికి బలమైన కారణాలున్నాయి. మూత్రనాళంలో రాయి అడ్డుపడి మూత్రపిండం ఉబ్బడం, నరాలు దెబ్బతిని మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవడం, ప్రొస్టేట్ గ్రంథి వాపు మొదలైనవి ఇందులో స్పష్టంగా తెలుస్తాయి. ఇవి సరిచేయదగిన కారణాలు. అంచనా సంగతి ఎలా ఉన్నా, వీటిని కనిపెట్టడమే నేటికీ అల్ట్రాసౌండ్ చేస్తున్న అతి పెద్ద మేలు.

డాప్లర్ పరీక్ష, నిరోధ సూచిక

కదిలే రక్తకణాల నుండి వచ్చే ప్రతిధ్వని స్థాయి మారుతుంది. ఈ సూత్రంతో మూత్రపిండపు ధమనులలో రక్తవేగాన్ని కొలుస్తారు. గుండె సంకోచించినపుడు ఉండే గరిష్ఠ వేగం నుండి వ్యాకోచాంతంలో ఉండే వేగాన్ని తీసివేసి, శేషాన్ని గరిష్ఠ వేగంతో భాగిస్తే వచ్చేది నిరోధ సూచిక. గరిష్ఠ వేగం సెకనుకు 50 సెంటీమీటర్లు, చివరి వేగం 20 సెంటీమీటర్లు అయితే సూచిక 0.60. ఇది మామూలు. చివరి వేగం 9 సెంటీమీటర్లకు పడిపోతే సూచిక 0.82 అవుతుంది. అంటే గుండె విశ్రమించే క్షణాలలో మూత్రపిండానికి రక్తం చాలా తక్కువగా చేరుతున్నదన్నమాట.

జర్మనీకి చెందిన యోర్గ్ రాడర్‌మాఖర్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో ఈ సూచిక 0.80 లేదా అంతకు మించి ఉన్న మూత్రపిండ రోగులలో వ్యాధి వేగంగా ముదిరినట్లు తేలింది. ఈ కొలతకు అదనపు ఖర్చు స్వల్పం, రసాయనమేదీ ఎక్కించనవసరం లేదు. కాని సూచిక పెరగడానికి మూత్రపిండమే కారణం కానవసరం లేదు. వయసుతోను, దీర్ఘకాల రక్తపోటుతోను శరీరమంతటా ధమనులు బిరుసెక్కుతాయి. ఆ బిరుసు కూడా ఇదే సంఖ్యలో కలిసిపోతుంది. కాబట్టి దీనిని మూత్రపిండపు జాతకంగా కంటే మొత్తం రక్తనాళాల స్థితికి సూచనగా భావించడం సబబు.

ధ్వని తరంగాలతో కణజాలపు గట్టిదనాన్ని కొలిచే ఎలాస్టోగ్రఫీ కాలేయ వ్యాధులలో బాగా స్థిరపడినది. మూత్రపిండంలో అంత సఫలం కాలేదు. మూత్రపిండం లోతుగా ఉంటుంది. మచ్చ గట్టిదనాన్ని పెంచితే, రక్తప్రవాహం తగ్గడం దానిని తగ్గిస్తుంది. ఈ రెండు ప్రభావాలు ఒకదానినొకటి రద్దు చేసుకోగలవు.

ఎం.ఆర్.ఐ.

అయస్కాంత ప్రతిధ్వని చిత్రణ మూత్రపిండం రూపాన్నే కాక దాని లోపలి ప్రాణవాయువు (ఆక్సిజన్) స్థితిని, రక్తప్రవాహాన్ని, నీటి అణువుల కదలికను కూడా చూపగలదు. వీటిలో మధుమేహానికి సంబంధించి ఎక్కువగా చర్చించబడేది బోల్డ్ అనే పద్ధతి.

ఆక్సిజన్ మోస్తున్న హీమోగ్లోబిన్‌కు, దానిని కోల్పోయిన హీమోగ్లోబిన్‌కు అయస్కాంత ధర్మాలలో తేడా ఉంటుంది. ఆక్సిజన్ లేని హీమోగ్లోబిన్ చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రాన్ని చెదరగొట్టడం వలన అక్కడి సంకేతం త్వరగా క్షీణిస్తుంది. ఈ క్షీణత రేటు ఎంత ఎక్కువైతే ఆ చోట ఆక్సిజన్ అంత తక్కువ. ఏ రసాయనమూ ఎక్కించకుండా రక్తమే రంగుగా పనిచేస్తుంది. మెదడు పరిశోధనల కోసం 1990లో సెయిజి ఒగావా ప్రతిపాదించిన ఈ పద్ధతిని మనిషి మూత్రపిండానికి అన్వయించిన తొలి అధ్యయనాలలో ముఖ్యమైనది 1996లో సర్క్యులేషన్ పత్రికలో వెలువడినది. దాని ప్రథమ రచయిత పొట్టుమర్తి వి. ప్రసాద్ అనే తెలుగు ఇంటిపేరు గల శాస్త్రవేత్త. సహరచయితలు రాబర్ట్ ఎడెల్‌మన్, ఫ్రాంక్లిన్ ఎప్‌స్టీన్.

మూత్రపిండంలో ఆక్సిజన్ పంపిణీ సమానంగా ఉండదు. వల్కలంలో దాని పీడనం సుమారు 50 మిల్లీమీటర్లు ఉంటే దవ్వలో 10 నుండి 20 మాత్రమే. ఉప్పును తిరిగి రక్తంలోకి లాగే శ్రమలో అక్కడి కణాలు ఆక్సిజన్‌ను హెచ్చుగా ఖర్చుచేస్తాయి. అందుకే దవ్వ ఎప్పుడూ కరువు అంచున జీవిస్తున్నట్లు ఉంటుంది. ఫ్యూరోసెమైడ్ అనే మందు ఇచ్చి ఆ శ్రమను ఆపితే దవ్వలో ఆక్సిజన్ పెరగడాన్ని ప్రసాద్ బృందం చిత్రంలో చూపగలిగినది. ఆరోగ్యవంతులైన యువకులు నీరు బాగా తాగినపుడు కూడా దవ్వలో ఆక్సిజన్ పెరుగుతుంది. ఎప్‌స్టీన్, వెవెస్, ప్రసాద్‌లు 2002లో డయాబెటిస్ కేర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో మధుమేహ రోగులలో ఈ మెరుగుదల కనిపించలేదు. అంటే వ్యాధి పైకి బయటపడక ముందే మూత్రపిండం తనను తాను సర్దుకునే శక్తిని కోల్పోవచ్చునన్నమాట.

భవిష్యత్తును చెప్పగలదా అన్న ప్రశ్నకు స్విట్జర్లాండులోని లొసాన్ పరిశోధకుల 2018 నాటి అధ్యయనం కొంత సమాధానమిచ్చింది. వల్కలంలో ఆక్సిజన్ తక్కువగా ఉన్నట్లు చిత్రంలో కనిపించిన దీర్ఘకాలిక మూత్రపిండ రోగులలో తరువాతి సంవత్సరాలలో వడపోత వేగంగా తగ్గింది. అయితే వారందరూ మధుమేహ రోగులు కారు. కేవలం రెండవ రకం మధుమేహం గలవారిలో అల్ట్రాసౌండ్, ఎం.ఆర్.ఐ. కొలతల సత్తాను తేల్చడానికి ఐరోపాలో బీట్-డి.కె.డి. ప్రాజెక్టులో భాగంగా ఐబీట్ అనే అధ్యయనం చేపట్టారు. 500 మంది రోగులను చేర్చుకోవాలని సంకల్పించిన ఈ అధ్యయనంలో అన్ని చోట్లా ఒకే విధమైన కొలతలు తీయడం మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టారు. ఆ జాగ్రత్త అనవసరమైనది కాదు. ఒక యంత్రంపై వచ్చిన సంఖ్య మరో యంత్రంపై రాదు. రోగి అంతకుముందు ఎంత నీరు తాగాడు, ఎంత ఉప్పు తిన్నాడు అనేదానిని బట్టి కూడా బోల్డ్ సంఖ్యలు మారతాయి. ఎండలో ప్రయాణించి దప్పికతో వచ్చిన రోగికీ, తీరికగా నీరు తాగి వచ్చిన రోగికీ మూత్రపిండాలు ఒకటే అయినా చిత్రాలు వేరు కావచ్చు.

నీటి అణువుల కదలికను కొలిచే పద్ధతి (డిఫ్యూజన్) మచ్చను పసిగట్టడానికి ఉపయోగపడుతుంది. మచ్చ కట్టిన చోట అణువుల సంచారం తగ్గుతుంది. బయాప్సీతో పోల్చిన అధ్యయనాలు రెంటికీ సంబంధం చూపాయి గాని, సాధారణ వైద్యంలో వాడదగిన స్థిరమైన హద్దు ఇంకా ఏర్పడలేదు.

మరొక మూత్రపిండ వ్యాధిలో చిత్రం ఈ పనిని నిజంగానే సాధించినది. వంశపారంపర్యంగా వచ్చే నీటితిత్తుల వ్యాధిలో మొత్తం మూత్రపిండాల ఘనపరిమాణాన్ని భవిష్యత్ సూచికగా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో ఆమోదించింది. అక్కడ వ్యాధి పెరగడమంటే మూత్రపిండం పెరగడమే. మధుమేహంలో పరిమాణం మొదట పెరిగి తరువాత తగ్గుతుంది కాబట్టి ఒకే కొలత రెండు విరుద్ధమైన దశలలోను కనిపించవచ్చును. అక్కడ సులువైనది ఇక్కడ కఠినం కావడానికి ఇదే కారణం.

కంటి ద్వారా మూత్రపిండం

శరీరంలో సూక్ష్మ రక్తనాళాలను కోయకుండా నేరుగా చూడగలిగిన చోటు కంటి వెనుక పొర అయిన నేత్రపటం. మధుమేహం దెబ్బతీసేది కంటిలోను, మూత్రపిండంలోను ఇటువంటి సూక్ష్మనాళాలనే. మొదటి రకం మధుమేహంలో మూత్రపిండం చెడినవారిలో దాదాపు అందరికీ నేత్రపట వ్యాధి కూడా ఉంటుంది. రెండవ రకంలో ఈ జంట అంత కచ్చితం కాదు. మూత్రంలో మాంసకృత్తు ఎక్కువగా పోతూ, నేత్రపటం మాత్రం శుభ్రంగా ఉంటే మూత్రపిండపు జబ్బుకు కారణం మధుమేహం కాక వేరేది కావచ్చునని అనుమానించి వైద్యులు బయాప్సీ గురించి ఆలోచిస్తారు. ఆ విధంగా కంటి చిత్రం మూత్రపిండానికి సాక్ష్యం చెబుతుంది.

నేత్రపట చిత్రాలను కంప్యూటరు చేత చదివించవచ్చునని 2016లో గూగుల్ పరిశోధకులు నిరూపించారు. వారు వాడిన చిత్రాలలో అరవింద్, శంకర నేత్రాలయ, నారాయణ నేత్రాలయ వంటి భారతీయ ఆసుపత్రులవి కూడా ఉన్నాయి. 2020లో సింగపూర్ పరిశోధకులు అదే తరహాలో నేత్రపట చిత్రం నుండి దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉనికిని గుర్తించే పద్ధతిని లాన్సెట్ డిజిటల్ హెల్త్ పత్రికలో ప్రచురించారు. చైనా రోగుల చిత్రాలతో 2021లో వెలువడిన మరో అధ్యయనం వ్యాధి పురోగతిని కూడా అంచనా వేయడానికి ప్రయత్నించినది.

మూత్రపిండపు అల్ట్రాసౌండ్ చిత్రాల విషయంలో 2019లో తైవాన్ బృందం 4,505 చిత్రాలతో కంప్యూటరుకు శిక్షణనిచ్చినది. వడపోత 60 కంటే తక్కువగా ఉన్నదా లేదా అన్నది అది 85.6 శాతం సరిగా చెప్పగా, అనుభవజ్ఞులైన వైద్యులు అవే చిత్రాలను చూసి 60.3 నుండి 80.1 శాతం వరకు సరిగా చెప్పగలిగారు. ఇది కన్ను చూడలేనిది యంత్రం చూస్తున్నదనడానికి మంచి నిదర్శనం. కాని ఆ యంత్రం చెప్పినది క్రియాటినిన్ పరీక్ష చెప్పగలిగినదే. రేపటి సంగతి కాదు.

జాగ్రత్తలు

సీటీ స్కాన్‌లో ఎక్కించే అయోడిన్ రంగు మందు, వడపోత బాగా తగ్గిన మూత్రపిండాలను మరింత దెబ్బతీసే ప్రమాదం ఉన్నందున ఈ రోగులలో అవసరాన్ని బట్టి మాత్రమే వాడతారు. ఎం.ఆర్.ఐ.లో వాడే గడోలినియం మందులలో కొన్ని పాత రకాలు, మూత్రపిండాలు విఫలమైనవారిలో చర్మం, కీళ్ళు బిగుసుకుపోయే తీవ్ర వ్యాధికి కారణమవుతున్నాయని 2006లో గుర్తించారు. పైన చెప్పిన బోల్డ్, డిఫ్యూజన్ పద్ధతులకు ఇటువంటి మందులు అవసరం లేదు. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు ఏ ఎం.ఆర్.ఐ.కైనా ముందుగా ఆ సంగతి చెప్పాలి.

ముందుగా తెలియడం వలన ప్రయోజనం

 2001లో లోసార్టాన్, ఇర్బిసార్టాన్ అనే రక్తపోటు మందులు రెండవ రకం మధుమేహంలో మూత్రపిండ వైఫల్యాన్ని ఆలస్యం చేస్తాయని రుజువైనది. 2019లో కెనగ్లిఫ్లోజిన్ ఈ ముప్పును సుమారు 30 శాతం, 2020లో డపాగ్లిఫ్లోజిన్ 39 శాతం తగ్గించినట్లు పెద్ద అధ్యయనాలలో తేలింది. తరువాత ఫినెరినోన్ (2020), సెమాగ్లుటైడ్ (2024) కూడా ఈ జాబితాలో చేరాయి. భారతదేశంలో డపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020 అక్టోబరులో ముగియడంతో అనేక కంపెనీలు దానిని తక్కువ ధరకు తయారుచేస్తున్నాయి. ఏ మందు ఎవరికన్నది వైద్యుడు నిర్ణయించవలసినదే.

మందులు చవకైన కొద్దీ అంచనా అవసరం కూడా మారుతున్నది. మందు ఖరీదైనపుడు ఎవరికివ్వాలో ఏరుకోవడానికి ఖరీదైన చిత్రమైనా గిట్టుబాటవుతుంది. మందు చవకైతే మూత్రపరీక్షలో తేడా కనిపించిన వెంటనే మొదలుపెట్టడమే మేలు. అప్పుడు చిత్రం చేయవలసిన పని, మందులు వాడుతున్నా ఎవరికి వ్యాధి ఆగడం లేదో చెప్పడం.

మడకశిర ప్రాంతంలో

మడకశిర 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని పట్టణం. అంతకు ముందు అనంతపురం జిల్లాలో ఉండేది. అమరాపురం, గుడిబండ, రొళ్ళ, అగళి మండలాలతో కలిసి ఈ ప్రాంతం కర్ణాటక భూభాగంలోకి చొచ్చుకొని ఉంటుంది. ప్రజలు తెలుగు, కన్నడం రెండూ మాట్లాడతారు. వైద్యం కోసం హిందూపురం, అనంతపురం వైపే కాక తుమకూరు, బెంగళూరు వైపు కూడా వెళుతుంటారు. ఒకే రోగి కాగితాలు రెండు రాష్ట్రాల ఆసుపత్రులలో చెల్లాచెదురుగా ఉండడానికి ఇది ఒక కారణం. జిల్లాలోని పుట్టపర్తిలో 1991లో ప్రారంభమైన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థ రోగుల నుండి రుసుము తీసుకోకుండా చికిత్స చేస్తున్నది. 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకాన్ని తొలివిడతగా ప్రారంభించిన మూడు జిల్లాలలో అనంతపురం ఒకటి. మిగిలినవి మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. 2016లో కేంద్ర ప్రభుత్వం జాతీయ డయాలసిస్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఇవన్నీ మూత్రపిండం చెడిన తరువాత ఆదుకునే ఏర్పాట్లు.

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్లే. వేరుశనగ, రాగి పొలాలలోను, మల్బరీ తోటలలోను పనిచేసేవారికి వేసవిలో ఒంట్లో నీరు తగ్గడం, కీళ్ళ నొప్పులకు మాత్రలు మింగడం పరిపాటి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు మధుమేహ రోగి మూత్రపిండాలకు అదనపు హాని చేస్తాయి. ఒంట్లో నీరు తగ్గి ఉన్నపుడు ఈ హాని మరీ ఎక్కువ. ఈ కారణాలేవీ స్కానింగ్ చిత్రంలో కనిపించవు. రోగిని అడిగితేనే తెలుస్తాయి.

చేతిలో ఇమిడే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని గ్రామాలకు తీసుకెళ్ళి మూత్రపిండాలు పరీక్షించవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. భారతదేశంలో ఆడశిశువుల భ్రూణహత్యలను అరికట్టడానికి చేసిన 1994 నాటి గర్భస్థ పిండ లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రమూ నమోదై ఉండాలి. మోసుకెళ్ళదగిన యంత్రాల వాడకంపై ఆంక్షలున్నాయి. చట్టం ఉద్దేశం న్యాయమైనదే. దాని వలన ఇతర దేశాలలో పల్లెలకు చేరిన ఈ సాధనం ఇక్కడ ఆసుపత్రి గడప దాటడం కష్టమైనది. నేత్రపట కెమెరాకు ఇటువంటి అడ్డంకి లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో సామాజిక ఆరోగ్య కేంద్రాలలో ముఖ్యమంత్రి ఈ-ఐ కేంద్రాల పేరుతో కంటి చిత్రాలను తీసి దూరాన ఉన్న వైద్యునికి పంపే పద్ధతిని ప్రవేశపెట్టింది. మూత్రపిండాన్ని కంటిలో చదివే పద్ధతులు భారతీయ రోగులలో నిగ్గుతేలితే వాటికి కావలసిన పరికరం ఇటువంటి కేంద్రాలలో దొరికేదే. ఎం.ఆర్.ఐ. ద్వారా ఆక్సిజన్‌ను కొలిచే పద్ధతి మాత్రం పెద్ద నగరాలలో కూడా మధుమేహ రోగులకు నిత్య పరీక్ష కాలేదు.

ఒక్కసారి తీసిన చిత్రం కంటే కొన్నేళ్ళ తేడాతో తీసిన రెండు చిత్రాలు ఎక్కువ చెబుతాయి. 2021లో వల్కలం మందం 9 మిల్లీమీటర్లు ఉండి 2025లో 6 అయితే, ఆ రెండు సంఖ్యల మధ్య తేడా ఏ ఒక్క నివేదికలోను కనిపించదు. పక్కపక్కన పెట్టి చూసేవారికే తెలుస్తుంది. క్రియాటినిన్ కూడా అంతే. స్కానింగ్ కాగితాన్ని, చిత్రాల ఫిల్మును, పాత మూత్రపరీక్షలను ఒకే సంచిలో దాచి ప్రతిసారీ వైద్యుని వద్దకు తీసుకువెళ్ళే రోగి విషయంలో, పురోగతి వేగాన్ని లెక్కగట్టడానికి కావలసిన సమాచారం చాలావరకు ఆ సంచిలోనే ఉంటుంది.